రెండు దూరపు ఎయిర్‌పోర్టుల మధ్య ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క మీరే వేసుకోండి

సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఫ్లైట్ ఎన్ని గంటలని వెతికితే ఒక సైట్ 17 అంటుంది, ఇంకోటి పద్దెనిమిదిన్నర పైమాటే అంటుంది. టికెట్ చూస్తే రాత్రి బయల్దేరి తెల్లారేసరికి దిగిపోతున్నట్టు, మధ్యలో ఆరేడు గంటలే ఉన్నట్టు కనిపిస్తుంది. వీటిలో ఏదీ అబద్ధం కాదు. ఒకటి దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చిన లెక్క, ఒకటి ఎయిర్‌లైన్ టైంటేబుల్, మూడోది రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడా. మీకు కావాల్సింది వీటిలో ఏదో తెలియకుండా కనెక్టింగ్ ఫ్లైట్ బుక్ చేసుకున్నారంటే ఇక టెన్షనే.

దూరం గురించి పెద్దగా తగాదా లేదు. ఎవరు ఎలా లెక్కపెట్టినా, ఎంత దూరపు ప్రయాణమైనా కొద్ది పదుల కిలోమీటర్ల తేడాలో తేలిపోతుంది. టైం అలా కాదు. గాలిని బట్టి, దారిని బట్టి, రన్‌వే దగ్గర క్యూని బట్టి మారుతూ ఉంటుంది. అందుకని ముందు దూరం గట్టిగా పట్టుకుని, దాని మీద టైంని ఒక్కో మెట్టుగా కట్టుకుందాం. ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

1. ఏ ఎయిర్‌పోర్టో ముందు తేల్చుకోండి

ఊరి పేరు కాదు, ఎయిర్‌పోర్ట్ మూడక్షరాల కోడ్ రాసుకోండి. టోక్యో అంటే హనేడా కావచ్చు, నరిటా కావచ్చు. హనేడా నగరం నడిబొడ్డుకి 15 కిలోమీటర్ల దూరంలో ఉంటే, నరిటా 60 కిలోమీటర్ల అవతల ఉంటుంది. వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఈ తేడా విమానానికి లెక్కలోకి రాదు. దిగాక మీకు మాత్రం వస్తుంది. లండన్‌కి హీత్రో, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్ అన్నీ ఉన్నాయి. సైట్లు కొన్ని మొత్తం నగరానికి కలిపి ఒకే కోడ్ పెట్టి వెతుకుతాయి, కాబట్టి ఫలితాల్లో ఏ ఎయిర్‌పోర్ట్ వచ్చిందో పక్కన చూడండి.

ఒకే పేరున్న ఊళ్లతో ఇంకా జాగ్రత్త. సిడ్నీ అంటే ఆస్ట్రేలియాలోనే కాదు, కెనడాలోని నోవా స్కోషియాలోనూ ఒకటుంది. మొదటిదాని కోడ్ ఎస్‌వైడీ, రెండోదానిది వైక్యూవై. టికెట్ కొనేటప్పుడు పొరపడి, ఆస్ట్రేలియా అనుకుని కెనడాలో తేలినవాళ్లు వార్తల్లోకి కూడా ఎక్కారు. శాన్ హోసే కూడా అంతే. కాలిఫోర్నియాలోది ఎస్‌జేసీ, కోస్టారికా రాజధాని ఎస్‌జేఓ. చివర ఒక్క అక్షరమే తేడా.

2. దూరం పట్టుకోండి

గోడకి తగిలించిన ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి గీత గీయకండి. గుండ్రటి భూమిని చదునుగా పరిచిన పటంలో ధ్రువాల వైపు ప్రాంతాలు సాగిపోయి ఉంటాయి. గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్య బిగువుగా లాగి పట్టుకోండి. దారం ఎటు వెళ్తే అదే దగ్గరి దారి. దీన్నే గ్రేట్ సర్కిల్ దారి అంటారు.

లండన్ నుంచి టోక్యోకి దారం పట్టి చూడండి. పటంలో టోక్యో లండన్‌కి తూర్పున, కాస్త దక్షిణంగా కనిపిస్తుంది కదా. దారం మాత్రం ఈశాన్యంకన్నా ఉత్తరంవైపే ఎక్కువ మొగ్గుతూ మొదలై, స్కాండినేవియా పైనుంచి ఆర్కిటిక్ వృత్తాన్ని దాటి 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కి, అక్కణ్నుంచి సైబీరియా మీదుగా జపాన్‌కి దిగుతుంది.

తొందరగా కావాలంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ సైట్‌లో రెండు కోడ్‌లూ మధ్యలో అడ్డగీతతో కొట్టండి, దూరం, దారి రెండూ చూపిస్తుంది. గూగుల్ ఎర్త్‌లో కొలిచే సాధనం కూడా ఇదే పని చేస్తుంది. అయినా ఒక్కసారి చేత్తో లెక్క వేసి చూడమంటాను. ఆ తర్వాత ఏ సైట్ తప్పు అంకె చూపించినా కంటికి తట్టేస్తుంది.

రెండు ఎయిర్‌పోర్టుల అక్షాంశ, రేఖాంశాలు తీసుకోండి. భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న అక్షాంశానికి, గ్రీనిచ్‌కి పడమర ఉన్న రేఖాంశానికి మైనస్ గుర్తు పెట్టండి. హీత్రో 51.47, మైనస్ 0.45. హనేడా 35.55, 139.78. రేఖాంశాల తేడా 140.23 డిగ్రీలు.

ముందు రెండు అక్షాంశాల సైన్‌లు గుణించండి: 0.7823 × 0.5814 = 0.4548. తర్వాత రెండు అక్షాంశాల కొసైన్‌లని, రేఖాంశాల తేడా కొసైన్‌ని కలిపి గుణించండి: 0.6229 × 0.8136 × మైనస్ 0.7686 = మైనస్ 0.3896. రెండూ కూడితే సుమారు 0.065. దీనికి ఇన్వర్స్ కొసైన్ నొక్కితే దాదాపు 86.26 డిగ్రీలు వస్తుంది. భూమి ఉపరితలం మీద ఒక్కో డిగ్రీకి 111.2 కిలోమీటర్లు, కాబట్టి 86.26 × 111.2 = సుమారు 9,590 కిలోమీటర్లు. కాలిక్యులేటర్ రేడియన్లలో ఉంటే జవాబు అర్థంపర్థం లేకుండా వస్తుంది. మొదలుపెట్టే ముందు డిగ్రీల్లోకి మార్చుకోండి.

భూమి కచ్చితమైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కినట్టు ఉంటుంది. అందువల్ల ఈ లెక్కలో మహా అయితే అర శాతం తేడా రావచ్చు. మన అవసరానికి అది లెక్కలోకి రాదు.

సింగపూర్, న్యూయార్క్ జోడీకి ఇంత లెక్క కూడా అక్కర్లేదు. సింగపూర్ రేఖాంశం తూర్పున 104 డిగ్రీలు, న్యూయార్క్ జేఎఫ్‌కే పడమర 74 డిగ్రీలు. రెండూ కలిపితే 178. అంటే రెండు ఊళ్లూ దాదాపు భూమికి ఆ పక్కా ఈ పక్కా ఉన్నాయి. ఇలాంటప్పుడు దగ్గరి దారి ఉత్తర ధ్రువం దగ్గర నుంచే పోతుంది. సింగపూర్ అక్షాంశం 1.36, అక్కణ్నుంచి ధ్రువానికి 88.64 డిగ్రీలు. న్యూయార్క్ 40.64, ధ్రువం నుంచి అక్కడికి 49.36. మొత్తం 138 డిగ్రీలు. 111.2తో గుణిస్తే 15,346 కిలోమీటర్లు. కచ్చితమైన లెక్కలో వచ్చేది సుమారు 15,349. నోటి లెక్కకి ఇంతకన్నా ఏం కావాలి!

అంకె పక్కన ఏ కొలత ఉందో చూసుకోండి. ఈ 15,349 కిలోమీటర్లే మామూలు మైళ్లలో 9,537, నాటికల్ మైళ్లలో 8,288. పైలట్లు, ఎయిర్‌లైన్ల లెక్కలన్నీ నాటికల్ మైళ్లలో ఉంటాయి. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఒక సైట్‌లో ఎనిమిది వేలు, ఇంకోదాంట్లో తొమ్మిదిన్నర వేలు కనిపిస్తే కంగారు పడకండి, అది దూరంలో తేడా కాదు.

ఇంకో గుర్తు. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. కాబట్టి భూమ్మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దగ్గరి దూరం 20,000 దాటదు. ఎక్కడైనా 21,000 అని కనిపించిందంటే అది మధ్యలో ఎక్కడో ఆగి వెళ్లే దారి దూరమైనా అయ్యుండాలి, తప్పైనా అయ్యుండాలి. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, దాంతో దూరం పెరగదా అని చాలామంది అడుగుతారు. పెరుగుతుంది, 15,000 కిలోమీటర్లకి పాతిక కిలోమీటర్లు. అంటే రెండు నిమిషాలు కూడా కాదు.

3. గాలిలో ఎన్ని గంటలు

దూరాన్ని 900తో భాగించి, అరగంట కలపండి. మొదటి అంచనాకి ఇది చాలు.

900 ఎక్కడిదంటే, దూరప్రయాణాలు చేసే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 లాంటివి ధ్వని వేగంలో 0.85 వంతు వేగంతో ఎగురుతాయి. 11 కిలోమీటర్ల ఎత్తులో చలి మైనస్ 56 డిగ్రీల దాకా ఉంటుంది, అక్కడ ధ్వని వేగం గంటకి దాదాపు 1,060 కిలోమీటర్లు. దాంట్లో 0.85 అంటే 900. ఏ320 లాంటి చిన్న విమానమైతే 830 వేసుకోండి. విమానం పాతదా కొత్తదా అన్నది ఇక్కడ పెద్ద తేడా చూపదు. జెట్ విమానాల వేగం దశాబ్దాలుగా ఈ దరిదాపుల్లోనే ఉంది.

ఆ అరగంట ఎక్కడానికీ దిగడానికీ. పైకి చేరడానికి ఇరవై నిమిషాల పైనే పడుతుంది. చాలా దేశాల్లో పది వేల అడుగుల కింద వేగం 250 నాట్లు, అంటే గంటకి సుమారు 463 కిలోమీటర్లు మించకూడదని నిబంధన ఉంది. దిగేటప్పుడూ అంతే. ఆ కాసేపూ విమానం 900తో పోవడం లేదన్నమాట.

సింగపూర్, న్యూయార్క్‌కి 15,346ని 900తో భాగిస్తే 17 గంటలు. అరగంట కలిపితే పదిహేడున్నర. మొదట్లో చెప్పిన 17 గంటల సైట్ చేసింది కూడా ఈ భాగాహారమే, ఇంకేం లేదు. టైంటేబుల్‌లో ఉండేది మాత్రం పద్దెనిమిదిన్నర పైచిలుకు. మిగతా గంట ఎక్కడికి పోయిందన్నదే అసలు సంగతి.

4. గాలిని లెక్కలోకి తీసుకోండి

విమానం వేగం దాని చుట్టూ ఉన్న గాలితో పోల్చి చెప్పేది. గాలే కదులుతుంటే నేల మీద లెక్క మారిపోతుంది. పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి ప్రవాహం సాగుతుంది. వేగం గంటకి 150 కిలోమీటర్ల నుంచి 300 దాకా ఉండొచ్చు. చలికాలంలో ఉధృతి ఎక్కువ. తూర్పుకి పోయే విమానాన్ని అది తోసుకుపోతుంది, పడమరకి వచ్చేదానికి ఏటికి ఎదురీతే.

2020 ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక బోయింగ్ 747 4 గంటల 56 నిమిషాల్లో చేరిపోయింది. అప్పుడు అట్లాంటిక్ మీద పెద్ద తుపాను గాలి నడుస్తోంది. మామూలుగా అదే దారికి ఆరున్నర, ఏడు గంటలు. తిరుగు ప్రయాణానికి ఏడున్నర, ఎనిమిది. అంటే మీ దారి తూర్పు, పడమరల మధ్య ఉంటే పోవడానికీ రావడానికీ వేర్వేరుగా లెక్క వేయాలి. ఉత్తర, దక్షిణ దిశల్లో పోయేవాటికి ఈ తేడా తక్కువ.

పోయేటప్పుడు కలిసొస్తుంది, వచ్చేటప్పుడు పోతుంది, మొత్తానికి సమానమే కదా అనుకుంటారు. కాదు. 6,000 కిలోమీటర్ల దారి, 100 కిలోమీటర్ల గాలి అనుకోండి. వెనక గాలితో గంటకి 1,000, అంటే 6 గంటలు. ఎదురు గాలితో గంటకి 800, అంటే ఏడున్నర. మొత్తం పదమూడున్నర. గాలే లేకపోతే రెండూ కలిపి 13 గంటల 20 నిమిషాలు. ఎదురు గాలిలో ఎక్కువసేపు గడుపుతారు కాబట్టి నష్టం లాభాన్ని మించిపోతుంది.

భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమరకి వెళ్తే ఊరు మనకి ఎదురొస్తుందనే మాట ఒకటి ప్రచారంలో ఉంది. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది, విమానం ఆ వాతావరణంలోనే ఉంటుంది. అలా ఎదురు రావడమంటూ ఏమీ లేదు.

5. దారి ఎంత వంకర తిరుగుతుందో చూడండి

దారం చూపించిన దారిలోనే విమానం పోతే ఏ గొడవా లేదు. పోదు. పైలట్లు కొన్నిసార్లు కావాలనే దూరం పోతారు. జెట్ స్ట్రీమ్ వెనక నుంచి దొరికితే ఐదారు వందల కిలోమీటర్లు చుట్టు తిరిగినా ముందే చేరొచ్చు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి వెళ్లే ఫ్లైట్ ధ్రువం వైపు కాకుండా తరచు పసిఫిక్ మీదుగా పోయేది అందుకే. ఉత్తర అట్లాంటిక్ మీదైతే ఆ రోజు గాలులను బట్టి దారులు రోజూ కొత్తగా గీస్తారు.

కొన్నిచోట్ల మాత్రం తప్పనిసరై తిరగాలి. టిబెట్ పీఠభూమి మీద నేల చాలా ఎత్తు. క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతే విమానం వెంటనే పది వేల అడుగులకి దిగాలి, అక్కడ నేలే అంతకన్నా ఎత్తున ఉంటే ఎలా? అందుకని చాలా ఫ్లైట్లు ఆ భాగాన్ని చుట్టుకుపోతాయి. సముద్రాల మీద రెండింజన్ల విమానాలకి ఇంకో నిబంధన ఉంది. ఒక ఇంజన్ ఆగిపోయినా, అనుమతించిన సమయంలోపు దిగడానికి ఒక ఎయిర్‌పోర్ట్ అందుబాటులో ఉండాలి. దక్షిణార్ధగోళంలో సిడ్నీ నుంచి శాంటియాగోకి పోయే దారి అంటార్కిటికా వైపు వంగుతుంది, అటు ఎయిర్‌పోర్టులే తక్కువ. కాబట్టి ఈ నిబంధన గట్టిగా పట్టుకునేది అక్కడే.

అన్నిటికన్నా పెద్దది మూసేసిన ఆకాశం. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం చాలా యూరప్ ఎయిర్‌లైన్లకి మూతపడింది. హెల్సింకి నుంచి టోక్యోకి అంతకుముందు తొమ్మిదిన్నర గంటలు పట్టేది, తర్వాత 13 గంటలైంది. ఆ విమానాలు కొన్ని ఏకంగా ఉత్తర ధ్రువం దగ్గర నుంచి తిరిగి వెళ్లడం మొదలుపెట్టాయి. దూరాల సైట్లలో హెల్సింకి, టోక్యో దూరం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. వాటిని నమ్ముకుంటే మూడున్నర గంటలు తప్పుతాయి.

అందుకని మామూలు దారికి నేను దూరం మీద 5 శాతం కలిపి లెక్క వేస్తాను. సింగపూర్, న్యూయార్క్‌కి 15,346 మీద 5 శాతం అంటే సుమారు 16,100. 900తో భాగిస్తే 17.9, అరగంట కలిపితే 18.4 గంటలు. టైంటేబుల్ దగ్గరికి వచ్చేశాం. అదే లండన్, టోక్యోకి ఇలాగే వేస్తే పదకొండున్నర, పన్నెండు గంటల మధ్య వస్తుంది. 2022కి ముందైతే సరిపోయేది. ఇప్పుడు ఆ దారికి 14 గంటల దాకా పడుతోంది. మూసేసిన ఆకాశాన్ని ఏ శాతమూ పట్టుకోలేదు.

కాబట్టి ఈ మెట్టులో లెక్క ఆపి, చూడండి. ఫ్లైట్‌రాడార్24లో గానీ ఫ్లైట్‌అవేర్‌లో గానీ మీ ఫ్లైట్ నంబర్ కొడితే గత కొద్ది రోజులుగా ఆ విమానం ఎటు తిరిగి వెళ్లిందో, ఎప్పుడు లేచి ఎప్పుడు దిగిందో కనిపిస్తుంది. ఒక్క రోజుది చూసి తేల్చుకోకండి. వారం రోజులవి చూసి, అన్నిటికన్నా ఎక్కువ పట్టిన రోజుని గుర్తుపెట్టుకోండి. వేసవిలో వెళ్తూ చలికాలం రికార్డులు చూసినా లాభం లేదు.

6. గేటు నుంచి గేటు

టికెట్ మీద ఉండే గంటలు గాలిలో ఉండేవి కావు. తలుపులు మూసి గేటు వదిలిన దగ్గర నుంచి, అవతలి గేటు దగ్గర ఆగే దాకా లెక్క. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రన్‌వే చేరడానికే పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. దిగాక ఇంకో పది. మన 18.4 గంటలకి అరగంట కలిపితే 18.9. ఇప్పుడు మొదట కనిపించిన పెద్ద అంకె అర్థమైంది కదా.

పైగా ఎయిర్‌లైన్లు కాస్త ఎక్కువే చూపిస్తాయి. ఆలస్యమైనా టైంకే దిగినట్టు లెక్కలోకి రావాలి కదా. పావుగంట ముందే వచ్చాం అని పైలట్ ప్రకటిస్తే అందులో సగం ఘనత టైంటేబుల్ రాసినవాళ్లదే.

7. గడియారం తికమక తీర్చుకోండి

టికెట్ మీద బయల్దేరే టైం ఆ ఊరిది, దిగే టైం ఈ ఊరిది. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి తేడా చూడకండి. రెండింటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతటికీ ప్రామాణికంగా పెట్టుకున్న టైంలోకి మార్చండి. అప్పుడు తీసివేత సరిగ్గా వస్తుంది.

టోక్యోలో ఉదయం 10కి బయల్దేరి 14 గంటలు ప్రయాణం చేసి లండన్‌లో దిగుతారనుకోండి. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు, కాబట్టి బయల్దేరింది యూటీసీ 1 గంటకి. 14 కలిపితే 15. చలికాలంలో లండన్ గడియారం యూటీసీతో సమానం, అంటే మధ్యాహ్నం 3. వేసవిలో గంట ముందుంటుంది, అంటే సాయంత్రం 4. టికెట్ మీద ఐదారు గంటల తేడానే కనిపిస్తుంది, మీ నడుము మాత్రం 14 గంటలూ లెక్కపెడుతుంది.

గంట ముందుకు జరిపే ఆ వేసవి టైం దగ్గరే ఎక్కువమంది తడబడతారు. యూరప్ మార్చి చివరి ఆదివారం జరుపుకుంటుంది, అమెరికా మార్చి రెండో ఆదివారమే జరిపేస్తుంది. మధ్యలో రెండు మూడు వారాలు లండన్, న్యూయార్క్ తేడా ఐదు గంటల బదులు నాలుగే. దక్షిణార్ధగోళంలో ఇదంతా తిరగబడి ఉంటుంది. జపాన్, సింగపూర్ అసలు గడియారం ముట్టుకోవు. అన్ని టైం జోన్‌లూ పూర్తి గంటల్లో ఉండవు కూడా. భారత్ యూటీసీకి ఐదున్నర గంటలు ముందు, నేపాల్ 5 గంటల 45 నిమిషాలు. ప్రయాణం చేసే తేదీకి తేడా ఎంతో చూడండి, ఇవాళ్టిది కాదు.

పసిఫిక్ దాటేటప్పుడు తేదీ కూడా మారుతుంది. జూలైలో ఆక్లాండ్‌లో రాత్రి 8కి బయల్దేరితే యూటీసీ ఉదయం 8. పన్నెండు గంటల తర్వాత యూటీసీ రాత్రి 8. అప్పుడు లాస్ ఏంజెలెస్‌లో అదే రోజు మధ్యాహ్నం 1. బయల్దేరిన టైంకన్నా ఏడు గంటలు ముందే దిగారు. తిరుగు ప్రయాణంలో ఆ బాకీ తీరుతుంది. పదో తేదీ రాత్రి 10కి లాస్ ఏంజెలెస్‌లో ఎక్కితే, 13 గంటల ప్రయాణం తర్వాత ఆక్లాండ్‌లో పన్నెండో తేదీ ఉదయం 6. పదకొండో తేదీ దాదాపు మొత్తం మాయం. హోటల్ బుక్ చేసేటప్పుడు టికెట్ మీద దిగే టైం పక్కన చిన్నగా ఉండే +1, +2 గుర్తులు చూడకపోతే ఒక రాత్రి డబ్బు గాల్లో కలుస్తుంది.

8. మధ్యలో దిగి మారాల్సి వస్తే

ముందు మధ్య ఊరు దారిలోనే ఉందా, అడ్డంగా ఉందా చూడండి. లండన్ నుంచి సిడ్నీకి నేరుగా 17,000 కిలోమీటర్లు. సింగపూర్ మీదుగా పోతే 10,900 + 6,300, అంటే 17,200. ఒక్క శాతం పైన. దుబాయ్ మీదుగా 5,500 + 12,000, సుమారు 17,500. లాస్ ఏంజెలెస్ మీదుగా పోతే 8,800 + 12,100, దాదాపు 21,000. అంటే అదనంగా నాలుగు గంటలకి పైగా గాలిలోనే. టికెట్ ధర ఎంత తగ్గితే ఆ నాలుగు గంటలకి సరిపోతుందో మీకే తెలియాలి.

ప్రతి ముక్కకీ ఎక్కడం, దిగడం, రన్‌వే దాకా పాకడం విడివిడిగా కలపాలి. కాబట్టి ఒక్క ఊళ్లో మారినా, వేచి ఉండే టైం కాక గంట దాకా అదనం. డైరెక్ట్ అని రాసి ఉన్నంత మాత్రాన మధ్యలో ఆగదని అనుకోకండి. ఒకే ఫ్లైట్ నంబర్‌తో సిడ్నీ నుంచి సింగపూర్‌లో ఆగి లండన్‌కి పోయే సర్వీసులున్నాయి. ఎక్కడా ఆగకూడదంటే నాన్‌స్టాప్ అని ఎంచుకుని వెతకండి.

మధ్యలో ఎంత టైం ఉండాలన్నది టికెట్‌ని బట్టి ఉంటుంది. రెండు ఫ్లైట్లూ ఒకే టికెట్ మీద ఉంటే, మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా తర్వాతి ఫ్లైట్‌లో పంపే బాధ్యత ఎయిర్‌లైన్‌దే. విడివిడిగా కొన్నారా, తప్పిన టికెట్ మీ ఖాతాలోకే. లగేజీ తీసుకుని, బయటకొచ్చి, మళ్లీ చెకిన్ చేసి, మళ్లీ సెక్యూరిటీ దాటాలి. వీసా కూడా అవసరం కావచ్చు. విడి టికెట్లయితే నేను నాలుగు గంటలకి తక్కువ ఉంటే కొనను. అమెరికాలో మారుతుంటే ఒకే టికెట్ అయినా మామూలుగా మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అయ్యి, లగేజీ తీసుకుని మళ్లీ అప్పజెప్పాలి. అక్కడ గంటన్నర లేఓవర్ (మధ్యలో ఆగే టైం) చూపించే టికెట్ ఎంత చౌకైనా పక్కన పెట్టేయండి.

9. మొత్తం కూడండి

ఇంటి నుంచి ఎయిర్‌పోర్ట్‌కి పట్టే టైం. అంతర్జాతీయ ఫ్లైట్‌కి మూడు గంటల ముందు చేరడం. గేటు నుంచి గేటు గంటలు. మధ్యలో లేఓవర్. దిగాక ఇమిగ్రేషన్‌కీ లగేజీకీ గంట, గంటన్నర. అక్కణ్నుంచి చేరాల్సిన చోటికి దారి. ఇవన్నీ కలిపితే 18.9 గంటల ఫ్లైట్ కాస్తా గడప నుంచి గడపకి పూర్తి ఒక రోజు దాటుతుంది. సెలవు పెట్టేటప్పుడు, దిగిన రోజే ఏదైనా పని పెట్టుకునేటప్పుడు చూడాల్సింది ఈ మొత్తాన్ని.

మిమ్మల్ని తీసుకెళ్లడానికి ఎవరైనా వస్తుంటే గంటల లెక్క చెప్పకండి. ఫ్లైట్ నంబర్, దిగే తేదీ, ఆ ఊరి టైం, టెర్మినల్, ఈ నాలుగూ మెసేజ్ పెట్టండి. ఫ్లైట్ నంబర్ ఉంటే విమానం ఎక్కడి దాకా వచ్చిందో వాళ్లే ఫోన్‌లో చూసుకుంటారు. దిగిన గంట తర్వాత బయట ఉంటే చాలని కూడా రాయండి, పార్కింగ్‌లో కాళ్లు పీకే దాకా నిలబడాల్సిన పని వాళ్లకి ఉండదు.